ఏ, బీ, సీ గళ్లూ... మాస్టారి డిక్టేషనూ

పిల్లల్ని మార్కుల్ని బట్టి గళ్లల్లో పెట్టే ఆ ఎక్సెల్ షీటు రేపు పదింటికల్లా టీచర్ల గ్రూపులో పడాలిట. ఎనిమిదో తరగతి, నలభై రెండు మంది, ఇంగ్లీషు. పేరుకెదురుగా ఏ, బీ, సీల్లో ఏదో ఒక అక్షరం. మా ఆయన లైటు తియ్యమని రెండోసారి సణిగారు. తీస్తే మాత్రం నిద్ర పడుతుందా? ఇక్కడే కక్కేస్తున్నా.

సీ అంటే ఎవరు? ఒకడికి చిన్న బడి అక్షరాల్లో బీ, డీ తేడా తెలీదు. ఇంకొకడు పేరా మొత్తం గడగడా చదివేస్తాడు, ఒక్క ముక్క అర్థం చెప్పలేడు. ఓ పిల్లకి వింటే అంతా తెలుస్తుంది, రాయమంటే ‘హీ గో స్కూల్’ దగ్గర ఆగిపోతుంది. ముగ్గురికీ మార్కులు ఇంచుమించు ఒకటే, కాబట్టి ముగ్గురూ ఒకే గడిలో కూర్చుంటారు. ఆ గడికి ఒక వర్క్‌షీటు వస్తుంది. ఎప్పుడూ అదే: జతపరచండి, బొమ్మ చూసి మొదటి అక్షరం రాయండి. పక్క బెంచీ వాళ్లు కథ చదువుతుంటే వీళ్లు ఏడాది పొడవునా గీతలు కలుపుతూ ఉంటారు. పూర్తి వాక్యం కంటపడనివాడికి వాక్యం ఎలా వస్తుందండీ? ఏప్రిల్‌కి తేడా తగ్గకపోగా రెట్టింపవుతుంది. పైగా ఎవరు సీనో క్లాసంతటికీ తెలుసు, అడిగితే వేలెత్తి చూపిస్తారు.

ఇదివరకు ఇక్కడ చెప్పిన ఇంగ్లీషు మాస్టారు, అదే మన సైకిల్ మాస్టారు, ఈ గళ్లు లేకుండానే క్లాసు నడిపేవారు. ఆయన డిక్టేషన్ సంగతి ఇక్కడ ఎప్పుడూ పూర్తిగా రాయలేదనుకుంటా.

అరవై మాటల పేరా ఒకటి, ఆరేడు వాక్యాలు. మూడు రకాల కాగితాలు, మూడూ ఒకే సైజు. మొదటిది ఉత్త రూళ్ల కాగితం. రెండోదాంట్లో పేరా అచ్చుగా ఉంటుంది, పన్నెండు ఖాళీలతో. మూడోదాంట్లో పది చోట్ల రెండేసి మాటలు పక్కపక్కన ఉంటాయి, విన్నదాని చుట్టూ సున్నా చుట్టాలి. ఖాళీలకి కష్టమైన పేర్లు తీసేసేవారు కాదు. చెవికి ఆనకుండా జారిపోయే ‘ది’, ‘వజ్’, ‘హర్’ లాంటివి తీసేవారు. సున్నాల జతలు షిప్–షీప్, లివ్–లీవ్, వాక్–వర్క్.

చదవడం మూడుసార్లు. మొదటిసారి పెన్నులు కింద పెట్టాలి. రెండోసారి నాలుగైదు మాటల ముక్కలుగా చదివి, అదే ముక్కని పెదాలు కదపకుండా తనలో తాను రెండుసార్లు చెప్పుకునేంతసేపు ఆగేవారు. మూడోసారి మామూలు వేగం. వెనకబడ్డవాళ్లున్నారని మాట మాటా విరిచి చదివితే వాక్యం చచ్చిపోతుందనేవారు. నిజమే, విడివిడిగా విన్న మాటల్లోంచి అర్థం పుట్టదు.

అసలు కిటుకు ఆ తర్వాతది. మూడు కాగితాల వాళ్లనీ ఒక్కొక్కరిని కలిపి ముగ్గురేసి కూర్చోబెట్టి, పూర్తి పేరా ఒకటి తయారు చెయ్యమనేవారు. రూళ్ల కాగితం వాడికి ఎక్కడో ఒక ముక్క పోయే ఉంటుంది, స్పెల్లింగు తప్పే ఉంటుంది. సున్నాల కాగితంలో మిగతాదంతా తప్పు లేకుండా అచ్చయి ఉంటుంది. అంటే క్లాసు ఫస్టువాడు లాస్టు బెంచీ వాడి కాగితం అడుక్కోవాలి! పెన్ను మాత్రం సున్నాల వాడి చేతిలోనే ఉండాలి, మిగతా ఇద్దరూ చెప్పాలి. ఈ ఒక్క రూలు సడలిస్తే చురుకైనవాడు రెండు నిమిషాల్లో లాక్కుని రాసేస్తాడు, తక్కిన ఇద్దరూ కిటికీలోంచి చూస్తారు. కాగితాలు పేరు పిలిచి పంచేవారు కాదు, బల్లమీద పెట్టి ఎవరికి కావలసింది వాళ్లని తీసుకోమనేవారు. రెండో చదువు అయ్యాక మార్చుకోవచ్చు.

బెంగళూరు, మద్రాసు బడుల్లో 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు గారు నడిపిన ఇంగ్లీషు బోధన ప్రాజెక్టులో ఒక లెక్క ఉండేది. క్లాసులో సగం మంది పనిలో సగమైనా చెయ్యగలిగితే ఆ పని ఆ క్లాసుకి సరిపోయినట్టే. మాస్టారి డిక్టేషన్ కూడా దాదాపు ఆ కొలతకే వస్తుంది.

ఇంతవరకూ రాసి ఆగాను. మరి మిగతా సగం మంది?

సున్నాల కాగితమైనా చదవగలిగితేనే కదా. షిప్‌కీ షీప్‌కీ తేడా చెవికి తెలిసినా కంటికి తెలియని పిల్లలు ఉన్నారు. వాళ్ల రీడరు తెరవండి, ప్రతి ఇంగ్లీషు లైను మీదా పెన్సిల్‌తో తెలుగులో ‘దేర్ వజ్ ఎ కింగ్’ అని ఉంటుంది. సైన్సు, లెక్కల పుస్తకాల్లో ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది. ఇంగ్లీషు రీడర్‌కి ఆ పేజీ లేదు, వాళ్లే రాసుకున్నారు, పాపం. చదవమంటే తడుముకోరు. ఆ తెలుగు కప్పి, ఆఖరి మాట నుంచి వెనక్కి చదవమంటే బయటపడుతుంది. వీళ్లని డిక్టేషన్‌లో కూర్చోబెట్టి అందరూ సమానమేననడం నాకు హాయి, వాళ్లకి కాదు. రోజుకో ఇరవై నిమిషాలు విడిగా తియ్యాల్సిందే. అంటే జాబితా కావాలి. గడి కూడా కావాలేమో.

కాకపోతే ఆ గడి మార్కుల్లోంచి రాకూడదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో ఇంగ్లీషుకి మెట్లున్నాయి: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న మాటలు, సులువైన వాక్యాలు. వరండాలో ఒక్కొక్కర్నీ నిలబెట్టి చూస్తే మనిషికి రెండు నిమిషాలు చాలు. ఏ మెట్టు దగ్గర ఆగాడో అక్కడ మొదలుపెట్టడమే.

అక్షరాల దగ్గర ఆగినవాళ్లకి ఏబీసీడీల వరస వద్దు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలూ వస్తే ట్యాప్, పిన్, టిన్, ప్యాంట్, స్పిన్ అన్నీ చదివేస్తారు. ఎక్కడ చెడుతుందంటే, పీ శబ్దం ‘ప’ అని నేర్పితే పిన్ కాస్తా ‘ప–ఇ–న’ అవుతుంది, ఆ మూడూ ఎన్నటికీ అతుక్కోవు. పొల్లు పలికించాలి: ప్... ఇ... న్. ఇది తెలుగులో వాళ్లకి వచ్చిందే, హల్లుకి తలకట్టు లేకపోతే ఎలా పలుకుతుందో గుర్తు చేస్తే చాలు. చివర ‘ఈ’ అక్షరం ఉన్న మాటలు అప్పుడే తేకూడదు. తెలుగులో రాసిన ప్రతిదీ పలకాలి కదా, అందుకే ‘మేడ్’ని ‘మాడే’ అంటారు. ఆ తప్పు బుద్ధితక్కువ వల్ల కాదు, లిపి అలవాటు వల్ల.

అన్నట్టు ఇవాళ కిటికీ పక్కవాడు ‘స్పిన్’ తనంతట తనే చదివాడు. బాగుంది.

కానీ ఈ షీటులో మెట్టుకి కాలమ్ లేదు, తేదీకీ లేదు. ఇప్పుడు సీ పడితే సమ్మేటివ్ పరీక్షల దాకా సీయే. వాడు వచ్చే నెల అక్షరాలు దాటి మాటల్లోకి వస్తే ఎక్కడ రాయాలి? ఒక కాలమ్ చేరుద్దామని చూశా, షీటుకి లాక్ వేశారు. చివర్లో రిమార్కుల గడి ఒకటుంది, వెడల్పు వేలెడు. చిన్న అక్షరాలకి ‘చి.అ.’, చిన్న మాటలకి ‘చి.మా.’ అని పొట్టిగా కుక్కుతా. అడిగితే అప్పుడు చెబుతా.