తక్కువ జీతానికి చేరాలా, ఇంటి దగ్గరే ఉండి చదవాలా: నార్సెట్ ప్రిపరేషన్‌లో నేను తీసుకున్న నిర్ణయం

నర్సింగ్ కోర్సు పూర్తయి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికి అందగానే మనలో చాలామందిని ఒకే ప్రశ్న వేధిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రి ఇస్తామంటున్న కొద్దిపాటి జీతానికి చేరిపోవాలా, లేక ఆ జోలికి పోకుండా ఇంటి దగ్గరే ఉండి ప్రభుత్వ పరీక్షలకు చదువుకోవాలా? నేను జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివాను. ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీలు చేస్తూనే, ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్లను ఎంపిక చేసే నార్సెట్ పరీక్షకు చదివి నర్సింగ్ ఆఫీసర్‌గా ఎంపికయ్యాను. ఎంపికైనప్పటి నుంచి జూనియర్లు నన్ను సిలబస్ గురించి కంటే ఈ జీతం సంగతే ఎక్కువగా అడుగుతున్నారు కాబట్టి, దాని గురించే వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. తొలి ఉద్యోగంలో జీతం ఎంత అని చూసే ముందు, ఆ ఉద్యోగం రేపు మన దరఖాస్తులో లెక్కకు వస్తుందా, డ్యూటీ దిగాక పుస్తకం పట్టుకునే ఓపిక మిగులుస్తుందా అని చూడాలి. ఈ రెండూ ఉన్నచోట కొంత తక్కువ జీతానికి చేరడం తప్పు కాదు. ఇవి లేనిచోట రెండు మూడు వేలు ఎక్కువ ఇస్తామన్నా చేరకూడదు.

లెక్కకు రావడం అంటే ఏమిటో చెప్పాలి. న్యూఢిల్లీలోని ఎయిమ్స్ 2020 నుంచి నిర్వహిస్తున్న నార్సెట్‌కు బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం తర్వాత చేసే పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివినవారు అనుభవం లేకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. జీఎన్ఎం వారికి మాత్రం డిప్లొమా పూర్తయిన తర్వాత కనీసం 50 పడకలున్న ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. అంటే మన విషయంలో ఆ రెండేళ్ల ఉద్యోగం అర్హతలో భాగమే. చదువుకు అడ్డమని దాన్ని వాయిదా వేస్తే అర్హతే వాయిదా పడుతుంది. సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు కాబట్టి ఆ వాయిదా చిన్నదేమీ కాదు.

నాకు మొదట రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి పాతిక పడకల నర్సింగ్ హోమ్. నెలకు 16,000 ఇస్తామన్నారు, డ్యూటీ పన్నెండు గంటలు. రెండోది కొన్ని వందల పడకల ఆసుపత్రి. అక్కడ 13,000 మాత్రమే, ఎనిమిది గంటల షిఫ్టు. ఇంట్లో అందరూ మొదటిదాని వైపే మొగ్గారు. పెద్ద ఆసుపత్రిలో జీతం తక్కువేమిటని నాన్న అడిగినప్పుడు, నెలకు 3,000 చొప్పున రెండేళ్లకు పోయేది 72,000 రూపాయలని, నర్సింగ్ ఆఫీసర్ పోస్టు కేంద్ర ప్రభుత్వ వేతన శ్రేణుల్లో లెవెల్ 7లో ఉంటుందని, దాని తొలి బేసిక్ 44,900 అని కాగితం మీద వేసి చూపించాను. నేను వదులుకుంటున్న మొత్తం అక్కడి రెండు నెలల బేసిక్‌కు కూడా సరిపోదు. ఆ నర్సింగ్ హోమ్‌లో ఎన్నేళ్లు పనిచేసినా ఆ సర్టిఫికెట్‌తో నార్సెట్‌కు దరఖాస్తు చేయడం కుదరదు. ఈ లెక్క చూశాక ఇంట్లో మళ్లీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అంతమాత్రాన ఆ 13,000 న్యాయమైన జీతమని నేను అనడం లేదు. హాస్టల్ అద్దె, భోజనం, రానుపోను ఖర్చులు పోగా నెలాఖరుకు చేతిలో దాదాపు ఏమీ మిగిలేది కాదు. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతభత్యాల పరిశీలనకు నిపుణుల కమిటీ వేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా, 100 నుంచి 200 పడకలున్న చోట అంతకంటే 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 పడకలున్న చోట 25 శాతానికి మించి తగ్గకుండా, అంతకంటే చిన్నవాటిలో కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. నేను పనిచేసిన చోట అది అమలు కాలేదు. నాతో చదివినవారు చేరిన ఆసుపత్రుల్లోనూ అమలైనట్టు వినలేదు. ఈ అంకెలు మీకు తెలిసి ఉండాలని చెప్పడానికి కారణం ఉంది. ఫ్రెషర్‌కు ఇంతే వస్తుందని హెచ్ఆర్ వారు చెప్పే మాటను మనం మన విలువగా నమ్మేయకూడదు. ఒక గడువు వరకు, ఒక ప్రయోజనం కోసం ఒప్పుకుంటున్నామన్న స్పష్టత మనసులో ఉంటే ఆ రెండేళ్లు కుంగిపోకుండా గడుస్తాయి.

ఆఫర్ లెటర్‌లో రాసిన మొత్తం, బ్యాంకులో పడే మొత్తం ఒకటి కావు. పీఎఫ్‌కు మన వాటాగా 12 శాతం, నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐకి 0.75 శాతం కోత పడుతుంది. ఈ కోతల్ని చూసి బాధపడవద్దు. ఈఎస్ఐ ఉంటే వైద్యఖర్చుల భయం తగ్గుతుంది. నెలనెలా జమయ్యే పీఎఫ్ మనం అక్కడ పనిచేశామనడానికి రాతపూర్వకమైన ఆధారం కూడా. అసలు భయపడాల్సింది అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వకుండా, జీతం నగదుగా చేతిలో పెట్టే చోటును చూసి.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో మాత్రం మొహమాటానికి పోవద్దు. నా స్నేహితురాలు చేరిన ఒక ఆసుపత్రిలో, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న బాండు రాయించుకుని పదో తరగతి మెమో నుంచి రిజిస్ట్రేషన్ వరకు ఒరిజినల్స్ అన్నీ తీసుకున్నారు. పరీక్షలో నెగ్గి సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాల్సిన వారంలో, బాండు సొమ్ము కడితే తప్ప ఇవ్వమన్నారు. ఆమె తల్లి బంగారం తాకట్టు పెట్టి ఆ సొమ్ము కట్టారు. చేరే రోజునే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూసుకుని వెనక్కి ఇవ్వమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే జీతం ఎంతైనా అక్కడ చేరవద్దు.

ఇక చదువు సంగతి. నేను రాసినప్పుడు ప్రిలిమ్స్‌లో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, వాటిలో 80 నర్సింగ్ సబ్జెక్టులవి, 20 జనరల్ నాలెడ్జ్, ఆప్టిట్యూడ్‌కు చెందినవి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. మెయిన్స్‌లో ప్రశ్నలు ఎక్కువగా కేసు రూపంలో వస్తాయి. రోగి పరిస్థితి వర్ణించి, నర్సు మొదట ఏం చేయాలని అడుగుతారు. వార్డులో పనిచేసిన అనుభవం అక్కరకొచ్చేది ఇక్కడే. మా లేబర్ రూమ్‌లో ఎక్లాంప్సియా (గర్భిణులకు అధిక రక్తపోటుతో వచ్చే ఫిట్స్) కేసు వస్తే ఇన్‌ఛార్జి సిస్టర్ మెగ్నీషియం సల్ఫేట్ ప్రతి డోసుకు ముందు నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. మోకాలి రిఫ్లెక్స్ చూశావా, శ్వాస నిమిషానికి ఎన్ని, యూరిన్ బ్యాగులో ఎంత ఉంది అని అడిగి, దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ ట్రేలో కనిపిస్తే తప్ప ఇంజెక్షన్ ఇవ్వనిచ్చేవారు కాదు. తర్వాత మాక్ టెస్టులో ఆ మందు విషప్రభావానికి తొలి గుర్తు ఏదన్న ప్రశ్న వచ్చినప్పుడు, రిఫ్లెక్స్ తగ్గడమని రాయడానికి నాకు ఆలోచన అవసరం పడలేదు. జూనియర్లకు ఇంత ఓపికగా నేర్పే సీనియర్లున్న వార్డు దొరకడం జీతంతో కొలవలేని అదృష్టం.

అయితే వార్డు అలవాట్లన్నీ పరీక్షకు పనికిరావు. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకూడదని పుస్తకం చెప్తుంది. హడావిడిలో చాలామంది పెట్టేస్తుంటారు. మన దగ్గర ఇలాగే చేస్తారని పరీక్షలో గుర్తిస్తే మార్కు పోతుంది, నెగెటివ్ కూడా పడుతుంది. అందుకే డ్యూటీలో చేసిన ప్రతి ప్రొసీజర్‌నూ ఆ రోజే పుస్తకంలో ఎలా ఉందో చూసుకుని, తేడా ఉన్నవి విడిగా రాసుకునేదాన్ని. నా ప్రిపరేషన్‌లో అన్నిటికంటే ఎక్కువగా తిరగేసింది ఆ నోట్సే.

సమయం విషయంలో ఒక్క మాట. నైట్ డ్యూటీ దిగిన ఉదయం నేను చదవలేదు. నిద్రే పోయాను. మార్నింగ్ డ్యూటీ వారాల్లో సాయంత్రాలు నర్సింగ్ సబ్జెక్టులకు, ఈవెనింగ్ డ్యూటీ వారాల్లో పొద్దుటి పూట పాత ప్రశ్నపత్రాలకు, వీక్లీ ఆఫ్ పూర్తిగా మాక్ టెస్టుకు కేటాయించాను. పన్నెండు గంటల డ్యూటీలో ఇది సాధ్యం కాదు. జీతం తక్కువైనా ఎనిమిది గంటల షిఫ్టు ఉన్న చోటు చూసుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే.

బీఎస్సీ నర్సింగ్ వారి పరిస్థితి వేరు. అనుభవం తప్పనిసరి కాదు కాబట్టి, ఇంట్లో వెసులుబాటు ఉంటే కొంతకాలం పూర్తిగా చదువుకే ఇవ్వడం సమంజసమే. కుటుంబం మీ సంపాదన మీద ఆధారపడి ఉంటే ఉద్యోగంలో చేరినందుకు వెనుకబడిపోయామని దిగులు పడవద్దు. తెలంగాణ వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు పోస్టులు లక్ష్యంగా పెట్టుకున్నవారు మరో కోణం చూడాలి. 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు పరీక్షకు 80 పాయింట్లు, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్లు పెట్టారు. ప్రైవేటు అనుభవానికి ఆ 20లో చోటు లేదు. వారికి ప్రైవేటులో కాస్త ఎక్కువ జీతం కంటే ప్రభుత్వ ఆసుపత్రిలో తక్కువ జీతపు కాంట్రాక్టు పోస్టు మేలు.

చివరగా, ఉద్యోగం మానేటప్పుడు తీసుకోవలసిన కాగితాల గురించి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, ఆసుపత్రి పడకల సంఖ్య స్పష్టంగా ఉండాలి. సర్టిఫికెట్లన్నిటిలోనూ మీ పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. నేను నోటీసు ఇచ్చే ముందే డ్రాఫ్టు రాసి తీసుకెళ్లి చూపించాను. పడకల సంఖ్య రాయడం అలవాటు లేదని మొదట అన్నారు. నోటిఫికేషన్ ప్రింటులో ఆ నిబంధన ఉన్న పేజీ చూపించాక, లెటర్‌హెడ్ మీద సంతకం, సీలుతో రాసిచ్చారు. నోటీసు గడువు పూర్తయ్యాక రిలీవింగ్ లెటర్, చివరి నెల పే స్లిప్ కూడా అడిగి తీసుకోండి.