ఆ పిల్లి ఆమెకు ఎందుకంత కావాలి?

హెమింగ్వే ‘క్యాట్ ఇన్ ద రెయిన్’ 1925లో వచ్చింది, చాలా చిన్న కథ, టీ చల్లారేలోపు అయిపోతుంది. ఇటలీలో ఓ హోటల్, బయట వాన, మంచం మీద పడుకుని పుస్తకం చదువుకుంటున్న జార్జ్, కిటికీ దగ్గర అతని భార్య. ఆమెకు పేరు కూడా లేదు, ‘అమెరికన్ భార్య’ అంతే. కింద టేబుల్ చాటున తడవకుండా ముడుచుకున్న పిల్లిని చూసి, తెచ్చుకుంటానని దిగి వెళ్తుంది. తీరా చూస్తే అది లేదు.

పిల్లి అంటే బిడ్డ మీద ఆశ అని చాలామంది తేల్చేస్తారు. కావచ్చు, కానీ నాకు అంత సులువుగా మింగుడుపడదు. గదికి తిరిగొచ్చాక ఆమె అడిగేవి చూడండి: జుట్టు పొడుగ్గా పెంచుకోవాలి, ఒళ్లో పిల్లి గుర్రుమంటూ కూర్చోవాలి, సొంత వెండి సామానుతో భోజనం, కొవ్వొత్తులు, కొత్త బట్టలు, చివరికి వసంతం కూడా! ఇన్ని అడుగుతుంది గానీ ‘నువ్వు నా వైపు చూడటం లేదు’ అనే ఒక్క ముక్క మాత్రం నోట రాదు. జార్జేమో నోరు మూసుకుని ఏదైనా చదువుకో అంటాడు. (ఒళ్లు మండుతుంది.)

ఆమెను కాస్త పట్టించుకునేది హోటల్ యజమానే. గొడుగుతో పనమ్మాయిని వెనకే పంపింది ఆయనే, చివర్లో ఓ పెద్ద పిల్లిని పంపేదీ ఆయనే. అది వానలో చూసిన పిల్లేనా? కథ చెప్పదు. నాకైతే వేరేదే అనిపిస్తుంది, ఎందుకంటే ఈమె పిల్లికూనను తలుచుకున్నట్టు మాట్లాడితే వచ్చింది మాత్రం బాగా పెద్దది. దాన్ని చూసి ఆమె ఏమందో రాయకుండా కథ అక్కడే ఆపేశాడు మహానుభావుడు, మీకేమనిపించిందో చెప్పండి.