అయిదు తులాల గుండు

మమ్మల్ని ప్రవాసులంటే పాతపట్నంలో మా అత్తవారు నమ్మరు. వాళ్లది ఆంధ్ర, మాది ఒడిశాలో పర్లాకిమిడి. మధ్య దూరం సైకిలు తొక్కుకుంటూ పోయేంత. మా పెద్దలు ఏ ఊరూ వదిలి రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరే అటు వెళ్లింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఇక్కడి ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మా ముత్తాత వెళ్లలేదు. వంశధార ఒడ్డున పొలం, పెరట్లో కొబ్బరిచెట్లు, గోడ మీద రెండు తుపాకులు. వీటిని వదిలి ఎక్కడికి పోతాడు?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. స్నేహితురాళ్ల దగ్గర తాతను జెజే అంటుంది, ఇంట్లో తాతా అంటుంది. అందులో నాకు బాధేమీ లేదు. నన్ను కుదిపింది వేరే సంగతి. ఒక రోజు దాంతో నేను మాట్లాడిన తెలుగంతా గుర్తు చేసుకున్నాను. తిన్నావా, తలుపెయ్యి, పడుకో, చార్జర్ ఎక్కడ పెట్టావు. అంతే. బుర్రకు పని పెట్టే మాట ఏదొచ్చినా మేమిద్దరం మాకు తెలీకుండానే ఒడియాలోకో ఇంగ్లీషులోకో వెళ్లిపోతున్నాం. మా ఇంట్లో తెలుగు వంటింటికీ పడగ్గదికీ మధ్యే తిరుగుతోంది.

మొన్నటి దసరాకు ఆయుధపూజ కోసం నాన్న గోడ మీంచి పెద్ద తుపాకి దించారు. ఆయన దాన్ని జజాయి అంటారు. భుజానికెత్తి కాల్చేది కాదు, గోడ మీదో చెట్టు కొమ్మ మీదో ఆనించి కాల్చేది. వత్తి తుపాకి. ముందు నుంచి మందూ గుండూ దట్టించాలి. నాన్న కుర్రతనంలోనే కమ్మరి చేత దాని చెవిని, అంటే వత్తి నిప్పు లోపలి మందుకు తగిలే కన్నాన్ని, పూడ్పించేశారు, ఇక అది పేలే వస్తువు కాదు. బాగు చేసినా పేలని పాత ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చింది కాబట్టి ఇంట్లో ఉండనిచ్చాం.

అమ్మాయి చెయ్యి చాపింది. "ముట్టుకోకు తల్లీ, ముందు కడ్డీ ఎయ్యాలి" అన్నారు నాన్న.

మందు దట్టించే ఇనపకడ్డీని గొట్టంలోకి మెల్లగా జార్చారు. అడుగున ఠంగుమంది. కడ్డీ మీద ఆకురాయితో గీసిన గీత ఒకటుంది. ఆ గీత సరిగ్గా గొట్టం మూతి దగ్గరకొచ్చి ఆగితే లోపల ఖాళీ. నాలుగు వేళ్లంత పైన ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టు. ఈ తుపాకికి వెనక తలుపుండదు, కడుపులో ఏముందో బయటికి తెలీదు. చెవి పూడ్చి యాభై ఏళ్లు దాటినా నాన్న ఒక్క దసరాకూ కడ్డీ వెయ్యకుండా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. అమ్మాయి వంగి, గీత మీద గోరు పెట్టి చూసింది. ఫోను ఆటల్లో తుపాకి అంటే వేలు ఆనిస్తే పేలేది. ఇంట్లో తుపాకి మాటే వద్దని మా ఆవిడ మొదటి నుంచీ అంటోంది, ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఇన్నేళ్లు మావోయిస్టుల, పోలీసుల కాల్పులు చూసినవాళ్లకు ఆ భయం సహజం. కానీ పిల్లకు తుపాకంటే ఏమిటో ఆ ఆటల కంటే ఈ గీతే నయంగా నేర్పుతుందని నా నమ్మకం.

తర్వాత అది లోపలికి పరుగెత్తి ఫిజిక్సు పెట్టెలోంచి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చింది. గొట్టం మూతిలో పెట్టి, "21.2 మిల్లీమీటర్లు" అంది.

"అదెంత?"

సీసం సాంద్రత 11.34, గోళం ఘనపరిమాణం, అన్నీ కాగితం మీద వేసి, "గుండు దాదాపు 57 గ్రాములు తాతా" అంది.

"తులాల్లో సెప్పు."

బంగారం కొట్లో ఇప్పుడు పది గ్రాముల్ని తులం అంటున్నారు, నాన్న తులం పాతది, 11.66 గ్రాములు. మళ్లీ భాగించింది. అయిదు తులాలకు రవ్వ తక్కువ. నాన్న మొహం వెలిగింది. "మా తాత అయిదు తులాల గుండు అనీవోడు. లెక్క తప్పలేదు" అన్నారు. ఇంగ్లీషువాళ్ల కొలత నేను చెప్పాను. ఒక పౌండు సీసాన్ని ఎన్ని సమాన గుండ్లు చేస్తే ఆ గుండు గొట్టంలో సరిపోతుందో, అది ఆ గొట్టం బోరు. ఎనిమిది గుండ్లయితే 8 బోరు, పన్నెండయితే 12 బోరు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. మాది 8 బోరు. ఒకే గుండుకు ముగ్గురివి మూడు కొలతలు, ముగ్గురివీ సరైనవే.

"ఇంత లావు ఎందుకు?" అంది. ఆ ప్రశ్న తెలుగులో అడిగింది. ఈ నల్లటి తుపాకి మందుకు గుండును ఒక వేగం దాటించే శక్తి లేదు. దెబ్బ పెంచాలంటే బరువు పెంచాలి. గుండ్రటి గుండు బరువు పెరగాలంటే గొట్టమే లావవ్వాలి. 1870ల్లో ఆఫ్రికాలో ఏనుగుల్ని వేటాడిన ఫ్రెడరిక్ సెలూస్ వాడినవి 4 బోరు తుపాకులు, ఒక్కో గుండు 113 గ్రాములు. లోపల మెలికలు తిరిగిన గాడులు లేని నున్నటి గొట్టాలు. అవి తన్నిన తన్నుకు తన నరాలు దెబ్బతిన్నాయని ఆయనే రాసుకున్నాడు. అమ్మాయి ఏనుగుల మాట దగ్గర ఆగింది. ఎన్ని చచ్చిపోయాయని అడిగింది. చాలా, అన్నాను. మా ఇద్దరికీ అక్కడ కాసేపు మాట రాలేదు.

రెండో తుపాకి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ పెట్టి పేల్చేది, లైసెన్సుది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పగించి రావడం, మళ్లీ తెచ్చుకోవడం. మోకాళ్లు నొప్పులు మొదలయ్యాక నాన్న దాన్ని శాశ్వతంగా అప్పగించేశారు. నా చిన్నప్పుడు కోతల ముందు అడవిపందుల్ని బెదరగొట్టడానికి రాత్రిళ్లు గుండు లేకుండా మందు మాత్రం కూరి పేల్చేవారు. పంటంతా తెల్లటి పొగ, కుళ్లిన గుడ్డు వాసన. పొద్దున్నే అమ్మ మరిగే నీళ్లు గొట్టంలో పోస్తే కిందికి సిరాలాగ నల్లటి నీళ్లు కారేవి. నీళ్లు తెల్లగా వచ్చేదాకా పొయ్యడం నా పని.

ఇదంతా చెబుతుంటే అమ్మాయి నోట్సు పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. తుపాకి బొమ్మ వేసి బాణం గుర్తులు పెట్టింది. బారుద్ అని తనకు తెలిసిన మాట కొట్టేసి మందు అని రాసింది. వత్తి. గొట్టం. చెవి దగ్గర పోసే మెత్తటి మందుకు పేరేమిటని తాతనడిగింది. రంజకం, అన్నారు. అన్నీ ఒడియా అక్షరాల్లో. నాన్నకు ఒడియా చదవడం రాదు.

"ఏటి రాసినావు?"

చదివి వినిపించింది. నాన్న పెన్ను తీసుకుని, వణుకుతున్న వేళ్లతో రంజకం కింద తెలుగులో అదే మాట రాశారు. అమ్మాయి మొదటి అక్షరం దగ్గర వేలు పెట్టింది.

"మా ర కూడా ఇలాగే గుండ్రంగా ఉంటుంది తాతా."

"మరయితే ఒకటొచ్చేసింది కదా. ఇక జ రాయి" అన్నారు నాన్న.