స్పానిష్‌లో ‘క్వాందో’ (when) తర్వాత క్రియకు ఏ రూపం?

స్పెయిన్‌లో గోదాములోనో రెస్టారెంటు వంటింట్లోనో పనికి కుదిరినవాళ్లు రోజూ వినే మాట ‘క్వాందో తెర్మీనెస్, అబీసమే’. పని అయ్యాక నాకు చెప్పు అని. ఆ ‘తెర్మీనెస్’ సబ్‌జంక్టివ్, అంటే స్పానిష్ క్రియలకు ఉండే ఒక ప్రత్యేక రూపం. పని ఇంకా అవలేదు కాబట్టే ఆ రూపం వచ్చింది.

‘క్వాందో యేగ ఎల్ కమియోన్’ అంటే లారీ వచ్చినప్పుడల్లా అని. సాయంత్రం రావాల్సిన లారీ గురించైతే ‘క్వాందో యేగే ఎల్ కమియోన్, దెస్కర్గరే’ అనాలి. రాబోయేది కదా అని మనవాళ్లు ‘క్వాందో యెగరా’ అనేస్తారు. అది తప్పు. ఫ్యూచర్ రెండో ముక్కకే, ‘దించుతాను’ అనే చోటికే. లారీ ఎప్పుడొస్తుందని అడిగే ప్రశ్నలో మాత్రం ‘యెగరా’ సరైనదే. ‘ఎన్ క్వాంతో’ (రాగానే), ‘అస్త కే’ (వచ్చేదాకా) కూడా క్వాందో లాగే నడుస్తాయి.

అసలు చిక్కు మన ‘వస్తే’తో. ‘లారీ వస్తే పిలువు’ అనేది తెలుగులో రెండు సందర్భాలకూ సరిపోతుంది. స్పానిష్‌లో ముందే తేల్చుకోవాలి. రావడం ఖాయమైతే ‘క్వాందో యేగే’, అనుమానమైతే ‘సి యేగ’. ‘సి యేగే’ అని ఎవరూ అనరు.

సబ్‌జంక్టివ్ రూపం కట్టడం కష్టమేమీ కాదు. ‘నేను’ రూపం తీసుకుని చివరి ‘ఓ’ తీసేయండి. ‘ఆర్’తో ముగిసే క్రియలకు ‘ఎ’, మిగతావాటికి ‘అ’ చేర్చండి: ఆబ్లో – ఆబ్లే, తెంగో – తెంగ, ఆగో – ఆగ, సాల్గో – సాల్గ. ఇలా కుదరనివి ఆరు: సేయ, బాయ, ఎస్తే, ఆయ, సేప, దే. వీటిని బట్టీ పట్టడమే.

అనుమానం చెప్పడానికి ‘ప్వేదె కె బెంగ’ (రావచ్చు). మనం ‘రాడనుకుంటా’ అంటూ వ్యతిరేకాన్ని లోపలి క్రియకు పెడతాం. వాళ్లు దాన్ని ముందుకు తెచ్చి ‘నో క్రేయో కె బెంగ’ అంటారు. ‘నో’ ముందుకొచ్చింది కాబట్టే సబ్‌జంక్టివ్. ‘క్రేయో కె బియెనె’ (వస్తాడనుకుంటా)లో అది రాదు. రూపాలు ఇంకా నోటికి రానివాళ్లు ‘అ లో మెహోర్ బియెనె’ (బహుశా వస్తాడు) అనండి. దానికి ఎప్పుడూ మామూలు రూపమే.

మాట్లాడటం కన్నా వినడంలో ఈ తేడా ఎక్కువ అవసరం. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్ గురించి ఫోన్‌లో ‘క్వాందో సాల్గ లా రెసొలుథియోన్’ అని వినబడితే నిర్ణయం ఇంకా రాలేదు, ఆగాలి. ‘సలియో’ అన్నారంటే వచ్చేసింది. నోటిఫికేషన్ అందిన నెలలోపు రెసిడెన్స్ కార్డుకు దరఖాస్తు చేయాలి, కాబట్టి నోటిఫికేషన్ తేదీ ఏమిటో ఆ కాల్‌లోనే అడగండి.