కుర్చీని వదిలేసి ఖాళీని గీశాను

బొమ్మలు వేయడం మొదలుపెట్టి ఏడు నెలలైంది. అందులో చాలా రోజులు ఒక్క కుర్చీ దగ్గరే గడిచిపోయాయి. ఎన్నిసార్లు వేసినా ముందు కాళ్లూ వెనక కాళ్లూ ఒకే పొడవు వచ్చేసేవి, ఎందుకంటే కుర్చీకి నాలుగు కాళ్లూ సమానమని నాకు ముందే తెలుసు, ఆ తెలిసిందే కాగితం మీదికి వచ్చేది తప్ప కంటికి కనబడుతున్నది కాదు.

ఒకరోజు కుర్చీ సంగతి మర్చిపోయి, కాళ్ల మధ్య కనిపించే ఖాళీలను మాత్రమే గీశాను. ఒకటి పక్కకి ఒరిగిన త్రికోణం, ఇంకోటి ఒక మూల బాగా సాగిన నాలుగు పలకల ఆకారం, వీపు ఆనించే చోట మూడు సన్నటి చీలికలు. వీటికి పేర్లు లేవు, ఎలా ఉండాలో ముందే తెలిసే అవకాశమూ లేదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు చూసి గీయాల్సిందే. అన్నీ పూర్తయ్యాక చూస్తే మధ్యలో కుర్చీ నిలబడి ఉంది! నెగెటివ్ స్పేస్ (వస్తువు చుట్టూ, మధ్యా ఉండే ఖాళీ) అనే మాట అంతకుముందు చాలాసార్లు చదివాను గానీ ఆ సాయంత్రమే అర్థమైంది.

బొమ్మల్లో గీత, ఆకారం, టోన్ (ఎంత లేత, ఎంత ముదురు అన్నది), రంగు, టెక్స్చర్ (నునుపో గరుకో అన్నది) అని వరుసగా నేర్పుతారు, బ్యాలెన్స్, రిథమ్ లాంటివి తర్వాత. నన్నడిగితే టోన్ దగ్గర ఎక్కువ రోజులు కూర్చోవాలి. తొమ్మిది గళ్లు గీసి, తెల్ల కాగితం నుంచి 6బి పెన్సిల్ ఇచ్చే నలుపు దాకా మెట్లు మెట్లుగా నింపి చూడండి, రెండు చివర్లూ సులువే, మధ్య గళ్లలోనే చెయ్యి తడబడుతుంది. ఇంకోటి కూడా చేయండి. ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి ఒకటి నల్ల అట్ట మీద, ఒకటి తెల్ల అట్ట మీద పెట్టండి. నలుపు మీదున్నదే లేతగా కనిపిస్తుంది, ఒకే కాగితమని తెలిసినా కన్ను ఒప్పుకోదు. ఫ్రాన్స్‌లో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త చిత్రాల తివాచీలు నేసే చోట అద్దకాలు చూసుకునేవారు, అక్కడ నలుపు దారం వెలిసినట్టుందని ఫిర్యాదు వస్తే ఆరా తీసి, తప్పు అద్దకంలో కాదు, పక్కనున్న రంగుల వల్ల అలా కనిపిస్తోందని తేల్చారు. 1839లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. అంటే ఏ టోనూ, ఏ రంగూ ఒంటరిగా ఉండవు, పక్కన ఏముందో చూడకుండా సరిగ్గా వేయలేం.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల చిత్రం చాలామంది చూసే ఉంటారు, 1831 ప్రాంతంలోది. అందులో ఫుజీ పర్వతం అల కంటే ఎంత చిన్నదో! అయినా కన్ను వెళ్లి అక్కడే ఆగుతుంది, అల వంపు తిరిగిన ఖాళీలో దాన్ని కూర్చోబెట్టారు కదా.

ఇప్పుడు నేనూ ఖాళీతో అదే ఆట ఆడుతున్నాను. నల్ల కాగితం ముక్కలు మూడు, తెల్ల షీటు ఒకటి. నిన్న చిన్న ముక్కని నడిమధ్య నుంచి కుడి అంచు దగ్గరికి జరిపితే, అప్పటిదాకా ఊరికే పడున్న ఎడమవైపు తెలుపంతా ఒక్కసారిగా ఆకాశంలా విచ్చుకుంది.