నెట్, సెట్ ఇంగ్లిష్ వాళ్లకు: డ్రామా యూనిట్‌లో స్త్రీ పాత్రలు ఎలా చదవాలి

లెక్చరర్ ఉద్యోగాల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఇంగ్లిష్ పేపర్-2కు 100 ప్రశ్నలు, 200 మార్కులు. రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు, అంటే ఉస్మానియా నిర్వహించే టీజీ సెట్, ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహించే ఏపీ సెట్ కూడా ఇదే పద్ధతి. సిలబస్‌లో మొదటి యూనిట్ డ్రామానే. గైడ్లలో స్త్రీ పాత్రల నోట్సు ఎలా ఉంటుందో తెలిసిందే: లేడీ మాక్బెత్ దుర్మార్గురాలు, పోర్షియా తెలివైనది, డచెస్ అమాయకురాలు. ఇలాంటి ముద్రలతో ఒక్క ఆప్షన్ కూడా తెగదు. నాలుగింటిలో రెండు ఎప్పుడూ సరైనట్టే కనిపిస్తాయి.

ఒక్కో పాత్రకు నాలుగు విషయాలు రాసుకోండి. ఆమె కన్యా, భార్యా, వితంతువా? ఆస్తి ఎవరి చేతిలో ఉంది? ఆమె తన నిర్ణయం బయటపెట్టే సీను ఏ అంకంలో వస్తుంది? చివరికి ఆమె ఏమవుతుంది? మొదటి రెండూ అన్నిటికన్నా ముఖ్యం. అప్పటి ఇంగ్లండ్‌లో కన్య సాధారణంగా తండ్రి అధీనం, చట్టం ప్రకారం భార్య భర్త అధీనం. భార్య చేతి డబ్బు, నగలు భర్తవే. వితంతువు తన పేరు మీద ఆస్తి నడుపుకోగలదు. 1882 మ్యారీడ్ ఉమెన్స్ ప్రాపర్టీ యాక్ట్ దాకా పరిస్థితి దాదాపు ఇంతే. ఇది పట్టుబడితే సగం నాటకాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

వెబ్‌స్టర్ 'ది డచెస్ ఆఫ్ మాల్ఫీ'తో మొదలుపెట్టండి. డచెస్ వితంతువు. పెళ్లి ప్రస్తావన తనే తెచ్చి, మొదటి అంకంలోనే తన దగ్గర పనిచేసే ఆంటోనియో వేలికి ఉంగరం తొడుగుతుంది. తెర వెనక ఉన్న పరిచారిక కారియోలా సాక్షి. కవల సోదరుడు ఫెర్డినాండ్ కోపానికి పరువే కారణమని నోట్సుల్లో ఉంటుంది. నాలుగో అంకం రెండో సీనులో అతనే ఇంకో మాట అంటాడు: ఆమె వితంతువుగానే ఉండిపోతే అంతులేని సంపద తనకు వస్తుందని ఆశపడ్డాడట. ఈ కారణం టెక్స్ట్ చదివినవాళ్లకే దొరుకుతుంది.

ఆ సీనును మాత్రం సమ్మరీలో చదవొద్దు. 'ఐ యామ్ డచెస్ ఆఫ్ మాల్ఫీ స్టిల్' అన్న మాట ఆమె వేషం మార్చుకొచ్చిన బోసోలాతో, అంటే ఫెర్డినాండ్ పెట్టిన గూఢచారితో అంటుంది. కాసేపటికి, గొంతు బిగించబోయే ముందు, కొడుకుకి జలుబు చేసింది కాస్త సిరప్ పట్టించమనీ, కూతురు ప్రార్థన చేసుకుని పడుకునేలా చూడమనీ కారియోలాకి చెబుతుంది. ఆమె మోకాళ్ల మీద నిలబడి చావును తీసుకుంటుంది. కారియోలా మాత్రం నాకు పెళ్లి కుదిరింది, కడుపుతో ఉన్నాను అంటూ పెనుగులాడుతుంది. ఈ ఇద్దరి తేడా పోల్చి అడగడానికి బాగా అనువైనది. డచెస్ చనిపోయేది నాలుగో అంకంలో. ట్రాజెడీ కదా అని ఐదో అంకం పెట్టేసేవాళ్లు ఎక్కువ. ఐదులో వినిపించేది ఆమె సమాధి దగ్గరి ప్రతిధ్వని మాత్రమే.

తర్వాత కాంగ్రీవ్ 'ది వే ఆఫ్ ది వరల్డ్', 1700. నాలుగో అంకంలోని ప్రొవైజో సీను, అంటే మిల్లమాంట్, ఆమె ప్రేమికుడు మిరబెల్ పెళ్లికి ముందు షరతులు మాట్లాడుకునే సీను, అందరూ చదువుతారు. పెళ్లయ్యాక నచ్చినవాళ్లకు ఉత్తరాలు రాసుకుంటాను, టీ టేబుల్ దగ్గర పెత్తనం నాదే, నా గదిలోకి తలుపు తట్టి రావాలి అని మిల్లమాంట్ షరతులు పెడుతుంది. గైడ్లు దీన్ని స్త్రీ స్వేచ్ఛ అని పొగిడి వదిలేస్తాయి. నన్నడిగితే అసలు సీను ఐదో అంకంలో ఉంది. మిల్లమాంట్ ఆస్తిలో సగం, అంటే 6,000 పౌండ్లు, ఆమె అత్త లేడీ విష్‌ఫర్ట్ ఒప్పుకుంటేనే దక్కుతాయి. ఆస్తి కోసం లేడీ విష్‌ఫర్ట్‌ను బెదిరించే అల్లుడు ఫెయినాల్‌కు అడ్డుకట్ట వేసేది అతని భార్య మిసెస్ ఫెయినాల్ వితంతువుగా ఉన్నప్పుడు, రెండో పెళ్లికి ముందే, మిరబెల్ పేర ట్రస్టుగా రాసిచ్చిన దస్తావేజు. నోటి షరతులకు లేని బలం ఆ కాగితానికి ఉంది. ఆ దస్తావేజులో మిసెస్ ఫెయినాల్ పేరు అరబెల్లా లాంగ్విష్. షెరిడన్ 'ది రైవల్స్'లోని లిడియా లాంగ్విష్‌తో కలిపేయకండి.

పేర్ల గొడవ నిజంగా పెద్దది. మ్యాచింగ్ ప్రశ్నల్లో మార్కులు పోయేది ఇక్కడే. ఇసబెల్లా ఒక్క పేరే తీసుకోండి. 'స్పానిష్ ట్రాజెడీ'లో హైరోనిమో భార్య, 'ఎడ్వర్డ్ ది సెకండ్'లో రాణి, 'మెజర్ ఫర్ మెజర్'లో సన్యాసం తీసుకోబోతున్న అమ్మాయి, 'ది ఛేంజ్‌లింగ్'లో పిచ్చాసుపత్రి డాక్టర్ భార్య, 'విమెన్ బివేర్ విమెన్'లో అత్త లివియా మోసం చేసిన పిల్ల. బియాంకా 'ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ'లో చెల్లెలు, 'ఒథెల్లో'లో కాసియో ప్రియురాలు, 'విమెన్ బివేర్ విమెన్'లో కథానాయిక. షేక్స్‌పియర్ నాయికలు మగ వేషంలో పెట్టుకునే పేర్లూ అంతే: రోజలిండ్ గానిమీడ్, వయోలా సెజారియో, ఇమోజెన్ ఫిడేల్, పోర్షియా బాల్తజార్, 'టూ జెంటిల్మెన్' జూలియా సెబాస్టియన్. ఈ చివరిది ఉచ్చు, ఎందుకంటే వయోలా కవల సోదరుడి పేరు కూడా సెబాస్టియనే.

ఈ వేషాల వెనక రంగస్థల కారణం కూడా రాసుకోండి. 1660కి ముందు లండన్ ప్రొఫెషనల్ నాటక బృందాల్లో ఆడ పాత్రలు అబ్బాయిలే వేసేవాళ్లు. 1660 నుంచి నటీమణులు వచ్చాక మగ దుస్తుల్లో ఆడపాత్ర వేరే ఆకర్షణ అయింది. ఆఫ్రా బెన్ 'ది రోవర్' (1677)లో హెలెనా కూడా అబ్బాయి వేషం వేస్తుంది. ఒకే ఉపాయం, 1660కి ఇటూ అటూ అర్థం వేరు.

క్రోనాలజీకి ఒక్క సంవత్సరం సరిపోదు. ప్రదర్శన, ప్రచురణ రెండు కాలమ్‌లు పెట్టండి. 'డచెస్' ప్రదర్శన 1613-14, అచ్చు 1623. 'ఛేంజ్‌లింగ్'కు ప్రదర్శన అనుమతి 1622లో, అచ్చు 1653లో. షా 'మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్' మరీ చిక్కు: రాసింది 1893, అచ్చు 1898, లండన్‌లో ప్రైవేట్ ప్రదర్శన 1902, ఇంగ్లండ్‌లో బహిరంగ ప్రదర్శన 1925. ప్రశ్నలో ఏది అడిగారో చూసి ఆప్షన్ పెట్టండి.

అసర్షన్-రీజన్ (ఒక వాక్యం, దానికి కారణంగా ఇంకో వాక్యం ఇచ్చే) ప్రశ్నల్లో రెండు వాక్యాలూ నిజమైనా, రెండోది మొదటిదానికి కారణం కాకపోవచ్చు. మొదటి వాక్యం డచెస్ రహస్యంగా పెళ్లి చేసుకుందని, రెండోది ఆమెకు ముగ్గురు పిల్లలని ఇస్తే రెండూ నిజమే, కారణ సంబంధం లేదు. రెండోది సోదరులు ఆమెను మళ్లీ పెళ్లి చేసుకోవద్దని హెచ్చరించారని ఇస్తే సంబంధం ఉంది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తేలకపోయినా ఏదో ఒకటి పెట్టి ముందుకెళ్లండి.