ఎథిక్స్ కమిటీ తీసేయమన్న గ్రూపులు: నా అనుభవం

నిన్నటితో ఆఖరి ఎలుక కాలిలోని క్రిముల లెక్క పూర్తయింది. కుష్ఠు క్రిమి మీద నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్‌లు ఎంత పనిచేస్తాయో చూసే పరీక్ష ఇది. కుష్ఠుకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్. దానికి లొంగని క్రిమి పట్టిన రోగికి మినోసైక్లిన్, క్లారిత్రోమైసిన్ లాంటివే దిక్కు. అందుకే ఈ పనంటే నాకు అంత పట్టుదల.

మందులు తెప్పించడం, ఎలుకల గది దొరకడం తేలిగ్గానే అయిపోయాయి. నా ప్రాణం తీసింది జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ.

వేగంగా పెరిగే బ్యాక్టీరియా మీద పనిచేసే సభ్యుడొకాయన ఎలుకల సంఖ్య చూసి, "ప్లేటు మీద తేలిపోయేదానికి ఇన్ని ప్రాణాలెందుకమ్మా?" అన్నారు, అందరి ముందూ. ప్లేటంటే ల్యాబ్‌లో క్రిముల్ని పెంచే పళ్లెం. నాకు ఒళ్లు మండిపోయింది. నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ క్రిమిని 1873లోనే చూశాడు. ఇప్పటికీ అది ఏ ప్లేటు మీదా పెరగలేదు. 1960లో షెపర్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుక ఫుట్‌ప్యాడ్‌లో, అంటే అరికాలి మెత్తలో, పెంచి చూపించాకే మందులు పరీక్షించే దారి దొరికింది. ఇదంతా చెప్పాను. "సరే, అయితే 5,000 క్రిములు ఎక్కించే గ్రూపు ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి" అని ఫైలు వెనక్కి పంపారు.

ఆ మిగతావే ఈ పద్ధతికి ప్రాణం. ఈ క్రిమి ఒకటి రెండు కావడానికి 12 నుంచి 14 రోజులు పడుతుంది. రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఏది బతికుందో ఏది చచ్చిందో నమ్మకంగా చెప్పలేం. అందుకని ఒక్కో గ్రూపుకి 5,000, 500, 50, 5 చొప్పున ఎక్కించి, కొన్నాళ్లు మందిచ్చి, ఆపేసి, ఏడాది ఆగుతాం. అప్పుడు ఏ కాలిలో లెక్క లక్షకు చేరితే ఆ కాలిలో బతికిన క్రిమి ఉన్నట్టు. మందివ్వని ఎలుకల్లో 5 ఎక్కించినా పెరిగి, మందిచ్చినవాటిలో 5,000 ఎక్కించినా పెరగకపోతే, వెయ్యికి కనీసం 999 చచ్చాయన్నమాట. ఆ మెట్లు తీసేస్తే మందు క్రిమిని చంపిందా, కొన్నాళ్లు పెరక్కుండా ఆపిందా అన్నది తేలదు. అప్పుడు ఉంచిన ఎలుకలు కూడా వృథాగా చచ్చినట్టే. జీవకారుణ్యం పేరుతో అలాంటి నష్టం చేయకూడదు.

ఆ కమిటీలో నన్ను శ్రద్ధగా విన్నది పశువైద్యుడొక్కరే. మందు మేతలో కలుపుతారా, గవేజ్ చేస్తారా (నోట్లోంచి మొద్దు సూదితో నేరుగా కడుపులోకి ఇస్తారా) అని అడిగారాయన. క్లారిత్రోమైసిన్ చేదు, మేతలో కలిపితే ఏ ఎలుక ఎంత తిన్నదో తెలియదు, అందుకే గవేజ్ అన్నాను. ఆ తర్వాత ఆయనే ఏ గ్రూపుకి ఎన్ని క్రిములు ఎక్కిస్తామో చూపే నా పట్టికను మిగతావాళ్లకు విడమరిచి చెప్పారు. ఫైలు కదిలింది. మీరైతే మీటింగ్‌కు ముందే పశువైద్యుణ్ణి కలవండి. పట్టికను మొదటి పేజీలోనే పెట్టండి. మొదట అడ్డుపడినాయన తన మాట తప్పు అని ఈనాటికీ ఒప్పుకోలేదు.

ఫుట్‌ప్యాడ్‌లో ఇంజెక్షన్లు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. గవేజ్‌లో నా చెయ్యి మా ల్యాబ్‌లో అందరికన్నా మంచిదని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. మెడ వెనక చర్మం పట్టుకుని, మెడ నిటారుగా ఉంచి, గుండ్రటి మొన ఉన్న సూదిని దాని బరువుకి దాన్నే దిగనివ్వాలి. అడ్డు తగిలితే బయటికి తీసేయాలి, బలవంతంగా నెట్టకూడదు.

ఇక ఫలితం. రిఫాంపిసిన్ ఇచ్చిన గ్రూపుల్లో ఒక్క కాలిలోనూ పెరగలేదు. మినోసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవాటిలో 5,000 ఎక్కించిన కాళ్లలో పెరిగింది. 500, 50 ఎక్కించిన కాళ్లలో లేదు. మందివ్వని ఎలుకల్లో ఆ రెండు చోట్లా పెరిగింది. అంటే మినోసైక్లిన్ చాలావరకు చంపింది. కమిటీ చెప్పినట్టు ఒక్క గ్రూపే ఉంచుంటే ఈ మందు పనికిరాదని రాసేసేవాళ్లం. ముగింపు నివేదికలో ఆ రెండు గ్రూపుల లెక్కే మొదటి పేజీలో పెట్టి, ఈ పొద్దున కమిటీకి పంపాను.